పలుచని ద్రవం చిక్కబడేదెలా? – మైక్రోఎమల్షన్లు, కొక్కేలున్న పాలిమర్లు

హాస్టల్ మెస్‌లో చారు పలుచనయిందని జోకు వేసుకోని విద్యార్థి ఉండడు. చారు చిక్కబడాలంటే ఏం చేయాలని ఎవరినడిగినా "ఇంకాస్త పప్పు వేయాలి" అంటారు. వంటింటి లెక్కలో అది నిజమే. పప్పయినా, పిండయినా, గంజయినా పదార్థం ఎక్కువ పడితేనే ద్రవం చిక్కబడుతుంది. అయితే రసాయన శాస్త్రానికి ఇంకో దారి కూడా తెలుసు. నీళ్లలా పారిపోయే ఒక ద్రవంలో లీటరుకు అయిదు గ్రాములు మించకుండా ఒక రకం పాలిమర్‌ను కలిపితే, అది తేనెలా బరువుగా కదిలే ద్రవంగా మారగలదు. రంగు మారదు, పారదర్శకత పోదు. అక్కడ చిక్కదనం వచ్చింది పదార్థం పెరిగినందువల్ల కాదు, లోపల ఉన్న వాటి మధ్య బంధాలు ఏర్పడినందువల్ల. ఆ సంగతే ఈ వ్యాసంలో తెలుసుకుందాం. ఎమ్మెస్సీలో నేను ఇష్టపడి చదివిన అంశమిది. ఇంటర్ చదివే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు అర్థమయ్యేలా రాయాలన్నదే నా ప్రయత్నం.

ఎమల్షన్ వేరు, మైక్రోఎమల్షన్ వేరు

నీరు, నూనె కలవవని మనకు తెలుసు. సీసాలో పోసి గట్టిగా గిలకొడితే కాసేపు కలిసినట్టే కనిపించి మళ్లీ విడిపోతాయి. వాటి మధ్య రాజీ కుదర్చాలంటే సబ్బులాంటి పదార్థం కావాలి. సబ్బు అణువుకు ఒక తల, ఒక తోక ఉంటాయి. తలకు నీరంటే ఇష్టం, తోకకు నూనె అంటే ఇష్టం. తోకలను నూనెలోకి, తలలను నీటిలోకి పెట్టి ఈ అణువులు నూనె బొట్టు చుట్టూ గోడ కడతాయి. ఇలా ఒక ద్రవంలో ఇంకో ద్రవం చిన్న చిన్న బొట్లుగా చెదిరి ఉంటే దాన్ని ఎమల్షన్ అంటారు. ఇంతవరకు గైడ్లలో ఉండే రెండు మార్కుల జవాబే. మనం రోజూ తాగే పాలు ఎమల్షన్‌కు మంచి ఉదాహరణ.

మామూలు ఎమల్షన్‌లో బొట్టు సైజు సుమారుగా మిల్లీమీటరులో వెయ్యో వంతు ఉంటుంది. మన కంటికి కనిపించే కాంతి తరంగాల పొడవు 400 నుంచి 700 నానోమీటర్లు. ఒక నానోమీటరంటే మిల్లీమీటరులో పది లక్షల వంతు. బొట్టు సైజు, కాంతి తరంగం పొడవు దగ్గర దగ్గరగా ఉండటంతో కాంతి అన్ని వైపులకూ చెదిరిపోతుంది. అందుకే ఎమల్షన్లు తెల్లగా, పాలలా కనిపిస్తాయి. పైగా వాటిని మనం బలవంతాన గిలకొట్టి తయారుచేశాం కాబట్టి రోజులు గడిచేకొద్దీ బొట్లు ఒకదానిలో ఒకటి కలిసి నూనె పైకి తేలుతుంది.

మైక్రోఎమల్షన్ ఇలా కాదు. ఇందులో సబ్బు పాలు ఎక్కువ. తరచుగా సబ్బుకు తోడుగా ఆల్కహాల్ వంటి ఇంకో పదార్థం కూడా వేస్తారు. అప్పుడు నీటికీ నూనెకూ మధ్య ఉండే తలతన్యత దాదాపు లేనంతగా పడిపోతుంది. బొట్లు పది, ఇరవై నానోమీటర్ల సైజుకు చిన్నవైపోతాయి. గట్టిగా గిలకొట్టాల్సిన పని లేదు, కొద్దిగా కలియబెడితే వాటంతట అవే ఏర్పడతాయి. ఉష్ణోగ్రత, పాళ్లు మారనంతవరకు విడిపోవు కూడా. అంత చిన్న బొట్లు కాంతిని పెద్దగా చెదరగొట్టలేవు కనుక ద్రవం మంచినీళ్లలా కనిపిస్తుంది. కొల్లాయిడ్‌లకు మన పాత పాఠ్యపుస్తకాల్లో కాంజికాభం అనే పేరు ఉంది. అంటే గంజిలాంటిది అని. మైక్రోఎమల్షన్ ఆ కుటుంబానిదే అయినా గంజిలా కనిపించదు.

ఇటువంటి పారదర్శక మిశ్రమాలను గురించి 1943లో కేంబ్రిడ్జ్‌కు చెందిన హోర్, షుల్మన్ అనే శాస్త్రవేత్తలు ప్రచురించారు. మైక్రోఎమల్షన్ అనే పేరును షుల్మన్ బృందం 1959లో పెట్టింది. నిజానికి బొట్లు మైక్రో సైజుకన్నా చాలా చిన్నవి. అయినా పేరు అలాగే స్థిరపడిపోయింది.

చిక్కబరచాల్సిన అవసరం ఏమిటి?

మైక్రోఎమల్షన్‌తో పెద్ద ఉపయోగం ఏమిటంటే, నీటిలో కరగని మందు అందులోని నూనె బొట్లలో కరుగుతుంది. అవయవ మార్పిడి చేయించుకున్నవారికి ఇచ్చే సైక్లోస్పోరిన్ నీటిలో సరిగా కరగదు. కడుపులోకి వెళ్లాక మైక్రోఎమల్షన్‌గా మారే రూపంలో ఆ మందును 1990లలో మార్కెట్లోకి తెచ్చారు. చర్మంపై రాసే మందుల్లోనూ ఈ పద్ధతిపై చాలా పరిశోధనలు జరిగాయి.

చర్మం మాటకు వస్తే హాస్టల్ వాళ్లకు వేరే చెప్పనక్కరలేదు. ఒకే గదిలో పక్కపక్కన పడుకునేచోట, తువ్వాళ్లు మారిపోయేచోట గజ్జి, తామర వస్తే ఒకరితో ఆగవు. గజ్జికి వాడే పెర్మెత్రిన్, తామరకు వాడే క్లోట్రిమజోల్ రెండూ నీటిలో కరగనివే. పెర్మెత్రిన్ క్రీమును మెడ నుంచి అరికాళ్ల వరకు రాసుకుని 8 నుంచి 14 గంటలు ఉంచి, తర్వాత కడుక్కోవాలని వైద్యులు చెబుతారు. అంటే రాత్రంతా మందు ఒంటిమీద ఉండాలి. నీళ్లలాంటి మందు రాస్తే ఏమవుతుంది? సగం అరచేతిలోంచి కారిపోతుంది, మిగతా సగం దుప్పటికి అంటుకుంటుంది. మందు ఎంత మంచిదయినా, ఉండాల్సినచోట ఉండకపోతే వ్యాధి తగ్గదు. కాబట్టి చిక్కదనం అనేది సోకు కోసం కాదు, అది వైద్యంలో భాగం.

మైక్రోఎమల్షన్ మాత్రం చాలా పలుచన. ఎంత పలుచనో లెక్క కట్టవచ్చు. ద్రవంలో చిన్న గోళాలు తేలుతుంటే దాని స్నిగ్ధత ఎంత పెరుగుతుందో ఐన్‌స్టీన్ 1906లో ఒక సూత్రం ఇచ్చాడు, 1911లో దాన్ని సవరించాడు. గోళాలు ఆక్రమించిన భాగాన్ని 2.5తో గుణించి 1కి కలపడమే ఆ సూత్రం. నూటికి 10 పాళ్లు బొట్లుంటే 0.1ని 2.5తో గుణించగా 0.25. అంటే నీటికంటే 1.25 రెట్లు మాత్రమే. నిజమైన విలువ దీనికి కాస్త ఎక్కువగా ఉండవచ్చుగాని, చేతితో తాకితే నీటికీ దానికీ తేడా తెలియదు.

మామూలు పాలిమర్ వేస్తే సరిపోదా?

పాలిమర్ అంటే చిన్న అణువులు వందలు, వేలుగా గొలుసుకట్టుగా కలిసిన బృహదణువు. గంజిలోని పిండిపదార్థం కూడా పాలిమరే. నీటిలో కరిగే పాలిమర్ ఎక్కువ వేస్తే గొలుసులు ఒకదానితో ఒకటి చిక్కుపడి ద్రవం చిక్కబడుతుంది. నూలు ఉండలు చిక్కుపడినట్టు అనుకోండి. కాని దీనికి గొలుసులు చాలా పొడవుగా ఉండాలి, లేదా చాలా ఎక్కువ వేయాలి.

ఇంకో ఇబ్బంది కూడా ఉంది. నూనె బొట్టుతో ఏ సంబంధమూ లేని పాలిమర్ ఉండ బొట్టుకు మరీ దగ్గరగా రాలేదు. రెండు బొట్లు దగ్గరగా ఉన్నప్పుడు వాటి మధ్య సందులో పాలిమర్‌కు చోటు దొరకదు. బయట ఉన్న పాలిమర్ల ఒత్తిడి బొట్లను ఒకదానివైపు ఒకటి నెడుతుంది. ఈ సంగతిని జపాన్ శాస్త్రవేత్తలు అసాకురా, ఊసావా 1954లో వివరించారు. అది మితిమీరితే బొట్లన్నీ ఒకవైపు, పాలిమర్ ఒకవైపు చేరి ద్రవం రెండు పొరలుగా విడిపోతుంది. చిక్కదనం కోసం పోతే ఉన్న మందు కూడా పాడవుతుంది.

గొలుసుకు కొక్కేలు తగిలిస్తే

ఇక్కడే పాలిమర్‌లో చిన్న మార్పు చేస్తారు. పాలీఇథిలీన్ ఆక్సైడ్ అనే నీటిలో కరిగే గొలుసును తీసుకుందాం. దాని రెండు కొసలకూ 12 లేక 18 కార్బన్ల నూనె తోకలను అతికిస్తారు. మధ్య భాగం అంతా నీటిని ఇష్టపడేదే, రెండు కొసలకు మాత్రం నీరంటే పడదు. గొలుసు అణుభారం 10,000 అనుకుంటే, అందులోని ఒక్కో లింకు భారం 44 కనుక, సుమారు 227 లింకులుంటాయి. అంత గొలుసుకు రెండే రెండు చిన్న తోకలు. కాని మొత్తం కథ నడిపేది ఆ రెండే. వాటిని మనం కొక్కేలు అందాం.

ఈ పాలిమర్‌ను మైక్రోఎమల్షన్‌లో వేయగానే కొక్కేలు నీటి నుంచి తప్పించుకోవడానికి చోటు వెతుకుతాయి. దగ్గరలో ఉన్న నూనె బొట్టులో దూరతాయి. ఇప్పుడు రెండు అవకాశాలున్నాయి. ఒకటి, రెండు కొక్కేలూ ఒకే బొట్టులో దిగడం. అప్పుడు గొలుసు ఆ బొట్టు పక్కనే చెంబు పిడిలా వంగి ఉండిపోతుంది. దానివల్ల చిక్కదనం పెద్దగా రాదు. రెండు, ఒక కొక్కెం ఒక బొట్టులో, రెండోది పక్క బొట్టులో దిగడం. అప్పుడు రెండు బొట్ల మధ్య వంతెన పడుతుంది. మనకు కావలసింది ఈ వంతెనే.

వంతెన పడాలంటే దూరం కుదరాలి

వంతెన పడుతుందో లేదో మనమే లెక్క వేసి చూడవచ్చు. బొట్టు వ్యాసార్థం 7 నానోమీటర్లు అనుకుందాం. గోళం సూత్రం ప్రకారం దాని ఘనపరిమాణం సుమారు 1,437 ఘన నానోమీటర్లు. ద్రవంలో బొట్లు నూటికి 10 పాళ్లు ఉంటే, ఒక్కో బొట్టు వాటాకు వచ్చే మొత్తం చోటు దీనికి పది రెట్లు, అంటే 14,370 ఘన నానోమీటర్లు. దీని ఘనమూలం సుమారు 24. ఒక బొట్టు కేంద్రం నుంచి పక్క బొట్టు కేంద్రానికి సగటు దూరం 24 నానోమీటర్లన్నమాట. ఇందులో రెండు వ్యాసార్థాలు, అంటే 14 తీసేస్తే, గోడకూ గోడకూ మధ్య మిగిలేది 10 నానోమీటర్లు.

మన గొలుసును రెండు కొసలు పట్టి పూర్తిగా లాగితే 60 నానోమీటర్లకు పైగానే వస్తుంది. కాని నీటిలో అది ఎప్పుడూ అలా నిటారుగా ఉండదు. వంకరటింకరగా ఉండటానికి లెక్కలేనన్ని మార్గాలున్నాయి, నిటారుగా ఉండటానికి ఒకటే మార్గం. అందుకని ఉండలా చుట్టుకుని, కొసకూ కొసకూ మధ్య సుమారు 10 నానోమీటర్ల దూరంతో ఉంటుంది. చూశారా, బొట్ల మధ్య సందు 10, గొలుసు సైజు 10. పెద్దగా సాగకుండానే వంతెన పడిపోతుంది.

అదే బొట్లు నూటికి ఒక్క పాలే ఉంటే? ఒక్కో బొట్టు వాటా 1,43,700 ఘన నానోమీటర్లు, ఘనమూలం సుమారు 52, మధ్య సందు 38. ఇంత దూరం సాగడం గొలుసుకు ఖరీదైన పని. అప్పుడు చాలా గొలుసులు ఒకే బొట్టులో రెండు కొసలూ పెట్టుకుంటాయి. పాలిమర్ మరికొంత ఎక్కువగా ఉంటే గొలుసులు వంతెనల కోసం బొట్లనే దగ్గరకు లాక్కుంటాయి. ఫలితంగా బొట్లు, పాలిమర్ చేరిన చిక్కని పొర ఒకటి, దాదాపు నీరే ఉన్న పలుచని పొర ఒకటిగా ద్రవం విడిపోతుంది. కాబట్టి పాలిమర్ మంచిదయితే చాలదు, బొట్ల సంఖ్య, గొలుసు పొడవు ఒకదానికొకటి సరిపోవాలి.

కొద్ది పాలిమర్‌తోనే పని ఎలా అవుతుంది?

పై లెక్కనే ముందుకు తీసుకెళదాం. నూటికి 10 పాళ్ల బొట్లున్న లీటరు ద్రవంలో సుమారు 7 తర్వాత 19 సున్నాలు పెట్టినన్ని బొట్లుంటాయి. ఒక్కో బొట్టుకు సగటున 4 గొలుసులు, అంటే 8 కొక్కేలు వచ్చేలా వేద్దాం. మొత్తం గొలుసుల సంఖ్యను అవొగాడ్రో సంఖ్యతో భాగించి, అణుభారం 10,000తో గుణిస్తే వచ్చేది 4.6 గ్రాములు. లీటరుకు ఇంతే! ఇందులో అన్ని గొలుసులూ వంతెనలు కావు. అయినా ఒక్కో బొట్టు చుట్టుపక్కల బొట్లతో కలవడానికి ఇది చాలు.

చిక్కదనం మెల్లగా పెరుగుతూ పోదు. మొదట్లో ఒక్కో బొట్టుకు కొక్కేలు ఒకటీ అరా ఉన్నప్పుడు అక్కడక్కడ రెండు మూడు బొట్లు జట్టు కడతాయి, అంతే. ద్రవం పలుచగానే ఉంటుంది. కొక్కేలు పెరిగేకొద్దీ జట్లు పెద్దవవుతాయి. ఒక హద్దు దాటగానే జట్లన్నీ కలిసిపోయి, పాత్ర ఈ అంచు నుంచి ఆ అంచు దాకా ఒకే వల అల్లుకుంటుంది. ఈ హద్దును పెర్కొలేషన్ హద్దు అంటారు. అది దాటాక స్నిగ్ధత ఒక్కసారిగా పైకి లేస్తుంది. నీటితో పోలిస్తే వందల రెట్లు, పాలిమర్‌ను బట్టి వేల రెట్లు కూడా పెరుగుతుంది. ఇంత జరిగినా బొట్లు అదే సైజులో ఉంటాయి కనుక ద్రవం పారదర్శకంగానే ఉంటుంది.

వంతెన ఎంతసేపు నిలుస్తుంది?

వల అల్లుకుంటే ద్రవం రబ్బరులా గట్టిపడిపోవాలి కదా అనే సందేహం రావచ్చు. టైరు రబ్బరులో గొలుసులు గంధకంతో శాశ్వతంగా ముడిపడి ఉంటాయి. అందుకే అది ప్రవహించదు. మన వలలో ముడులు తాత్కాలికం. కొక్కెం బొట్టులో కొంతసేపు ఉంటుంది, అణువుల కదలికల తాకిడికి బయటపడుతుంది, వెంటనే మళ్లీ అదే బొట్టులోనో పక్క బొట్టులోనో దిగుతుంది. ఏ క్షణంలో చూసినా వల ఉంటుంది, కాని అందులోని వంతెనలు మారుతూ ఉంటాయి.

మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చింది నేనే మొదట. సెలవులకు వెళ్లినప్పుడు ఏం చదువుతున్నావని అడిగితే ఇదంతా చెప్పాను. అమ్మ విని, "అయితే కోలాటం లాంటిదన్నమాట" అంది. నిజమే. కోలాటంలో ఒకరి కోల ఇంకొకరి కోలకు తగిలి, విడిపోయి, మరొకరి కోలను అందుకుంటుంది. జోడీలు మారతాయి, వలయం మాత్రం చెదరదు. ఇంతకంటే మంచి పోలిక నాకు పుస్తకాల్లో దొరకలేదు. ఇలా కలుస్తూ విడిపోతూ ఉండే వలలకు గ్రీన్, టోబోల్‌స్కీ 1946లో సిద్ధాంతం ఇచ్చారు. తనాకా, ఎడ్వర్డ్స్ 1992లో దాన్ని ఇటువంటి పాలిమర్లకు విస్తరించారు.

ఈ సిద్ధాంతం సారం చాలా సులువు. చిక్కదనం రెండింటి లబ్ధం: వంతెనలు ఎన్ని ఉన్నాయి, ఒక్కో వంతెన ఎంతసేపు నిలుస్తుంది. మొదటిది పాలిమర్ మోతాదును బట్టి ఉంటుంది. రెండోది కొక్కెం పొడవును బట్టి ఉంటుంది. తోకకు ఒక్కో కార్బన్ చేరినప్పుడల్లా అది నూనెలో ఉండే సమయం సుమారు రెండున్నర రెట్లు అవుతుందనుకుందాం. 12 కార్బన్ల తోక బదులు 18 కార్బన్ల తోక పెడితే 2.5ను ఆరుసార్లు గుణించాలి. జవాబు 244. పాలిమర్ ఒక్క గ్రాము కూడా పెంచకుండా చిక్కదనం రెండు వందల రెట్లకు పైగా పెరిగిందన్నమాట. వేడిచేస్తే దీనికి వ్యతిరేకంగా జరుగుతుంది. కొక్కేలు త్వరత్వరగా ఊడిపోతాయి, ద్రవం పలుచనవుతుంది.

ఎక్కువైతే తిరిగి పలుచన

ఇంకో విచిత్రం చెప్పాలి. పాలిమర్‌ను అలాగే ఉంచి, నూనె బొట్లను మాత్రమే పెంచుకుంటూ పోతే ఏమవుతుంది? వంటింటి లెక్క ప్రకారం ఇంకా చిక్కబడాలి. మొదట్లో వంతెనలకు దూరాలు కుదిరి చిక్కబడుతుంది కూడా. ఆ తర్వాత మళ్లీ పలుచబడుతుంది! బొట్లు పెరిగేసరికి ఒక్కో బొట్టు వాటాకు వచ్చే కొక్కేలు తగ్గిపోతాయి. ఎనిమిది ఉన్నచోట రెండు, ఆ తర్వాత ఒకటి. పెర్కొలేషన్ హద్దు కిందికి జారితే వల తెగి మళ్లీ చిన్న చిన్న జట్లే మిగులుతాయి. పదార్థం పెరిగింది, చిక్కదనం తగ్గింది. చిక్కదనం మోతాదు వల్ల కాదు, బంధాల వల్ల వస్తుందనడానికి ఇంతకన్నా రుజువు అక్కరలేదు.

గోడ మీద కూడా ఇదే సూత్రం

ఇటువంటి పాలిమర్లు మందుల్లోనే కాదు, నీటితో కలిపి వేసే ఎమల్షన్ పెయింట్లలో కూడా వాడతారు. పెయింటులో ఉండేవి మైక్రోఎమల్షన్ బొట్లు కావు, అంతకంటే పెద్ద ప్లాస్టిక్ రేణువులు. కాని సూత్రం ఇదే. కొక్కేలు రేణువుల మీద అతుక్కుని వల కడతాయి. బ్రష్‌తో వేగంగా లాగినప్పుడు వంతెనలు తెగి రంగు తేలికగా పరుచుకుంటుంది. బ్రష్ తీయగానే వంతెనలు మళ్లీ పడి రంగు గోడ మీద నుంచి కారదు. టర్పెంటైన్ వంటి ద్రావణులు కలిపే రంగుల వాసనలో, మూసిన గదుల్లో రోజంతా పనిచేసే పెయింటరుకు నీటి రంగు ఎంత మేలో ఆ పని చేసే ఇళ్లలో పుట్టినవారికి తెలుసు. ఆ నీటి రంగు బ్రష్‌కు లొంగి, గోడకు నిలవడం వెనుక ఈ కొక్కేల పాత్ర కూడా ఉంది.

కొక్కేలు కొసలకే ఉండాలని కూడా లేదు. పత్తి, కలప నుంచి వచ్చే సెల్యులోజ్‌ను నీటిలో కరిగేలా మార్చి, గొలుసు పొడవునా అక్కడక్కడ నూనె తోకలు అతికించవచ్చు. అమెరికాలో లాండాల్ అనే శాస్త్రవేత్త 1982లో ఇటువంటి సెల్యులోజ్ గురించి ప్రచురించాడు. మెస్ కూరల్లో కనిపించే గోరుచిక్కుడు గింజల నుంచి వచ్చే బంకకు కూడా ఇలాగే తోకలు తగిలించవచ్చు.

తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఒక్క మాట

ఈ వ్యాసంలో పెద్ద పెద్ద పేర్లు వచ్చినా, వేసిన లెక్కలన్నీ పదో తరగతి, ఇంటర్ స్థాయివే. గోళం ఘనపరిమాణం, ఘనమూలం, అవొగాడ్రో సంఖ్య, అంతే. రెండు మార్కుల నిర్వచనం దగ్గర ఆగిపోకుండా "ఎంత?", "ఎంత దూరం?", "ఎంతసేపు?" అని అడిగితే పాఠం తలుపు తెరుచుకుంటుంది. బొట్లు నూటికి 5 పాళ్లు ఉంటే వాటి మధ్య సందు ఎంతో మీరే లెక్క కట్టి చూడండి. జవాబు 16, 17 నానోమీటర్ల మధ్య వస్తే మీ లెక్క సరైనదే. ఆ దూరానికి 10 నానోమీటర్ల గొలుసు చాలుతుందా, ఇంకాస్త పొడవు గొలుసు కావాలా అన్నది మీ తర్వాతి ప్రశ్న. పరిశోధన అనేది అలాంటి తర్వాతి ప్రశ్నతోనే మొదలవుతుంది.

అందరికీ హాస్టల్ వార్షికోత్సవ శుభాకాంక్షలు.

– పూర్వ విద్యార్థి, ఎమ్మెస్సీ (రసాయన శాస్త్రం)